ఇన్వర్టర్ ఆపినంత మాత్రాన కరెంట్ పోదు: సోలార్ ప్లాంట్ అపోహలు - వాస్తవాలు

చంద్రపూర్ జిల్లా రాజురా, కోర్పనా వైపు ఊళ్ల నుంచి మా సోలార్ ప్లాంట్‌లో పనికి చేరే కుర్రాళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. కొందరు ఐటీఐ చేసి వస్తారు, కొందరు ఊళ్లో వైర్‌మన్ దగ్గర పని నేర్చుకుని వస్తారు. చేరిన కొత్తలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "అన్నా, ఇన్వర్టర్ బంద్ జేసినంక ఇంక కరెంట్ యాడికెళ్లి వస్తది?" మిగతా అపోహల వల్ల యూనిట్లు తగ్గుతాయి. దీనివల్ల మనుషులు కాలిపోతారు. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

అపోహ: ఇన్వర్టర్ ఆపితే లైన్ డెడ్.

వాస్తవం: ఇన్వర్టర్ ప్యానెల్ ఇచ్చే డీసీని (ఒకే దిక్కుకు పారే కరెంట్) ఇళ్లకు వచ్చే ఏసీగా మారుస్తుంది, అంతే. కరెంట్ పుట్టేది ప్యానెల్‌లో. వెలుతురు ఉన్నంతసేపు దాన్ని ఆపే స్విచ్ లేదు. ఇప్పటి 540 వాట్ల ప్యానెల్ లోడ్ లేనప్పుడు దాదాపు 50 వోల్టులు చూపిస్తుంది. అలాంటివి 28 ఒకదాని వెనక ఒకటి కలిపిన వరుస, అంటే స్ట్రింగ్, చివర 1,400 వోల్టుల దాకా ఉంటుంది. డిసెంబర్ పొద్దుటి చలిలో ఇంకా ఎక్కువ. మబ్బు పడితే ఆంపియర్లు పడిపోతాయి గానీ వోల్టేజ్ పెద్దగా దిగదు.

"షార్ట్ అయితే ఫ్యూజ్ పోతుంది కదా" అంటారు. 13 ఆంపియర్లు నడిచే స్ట్రింగ్ షార్ట్ అయినా 14 దగ్గరే ఆగుతుంది. ఆ తేడాకు ఫ్యూజ్ పోదు. పైగా ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి ఆర్క్ (తీగల మధ్య గాలిలో లేచే కరెంట్ మంట) ఆరిపోయే వీలుంటుంది. డీసీలో ఆ సున్నా రాదు, ఆర్క్ సాగుతూనే ఉంటుంది.

నేను ఇదివరకు పనిచేసిన ఒక సైట్‌లో పెద్దాయన ఒకరు ఉండేవారు. లైన్ పనిలో తలపండిన మనిషి, అందరం మామా అని పిలిచేవాళ్లం. ఎలుక కొరికిన కేబుల్ మార్చడానికి ఇన్వర్టర్ ఆపించి, ప్లస్, మైనస్ రెండు తీగలూ కలిపి ఒకేసారి కటింగ్ ప్లయర్‌తో కత్తిరించారు. ప్లయర్ మీదే ఆర్క్ లేచింది. కుడి అరచెయ్యి కాలింది, వేళ్లు మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. ఆయన అజాగ్రత్త మనిషి కాదు. జీవితమంతా మెయిన్ దించితే చచ్చిపోయే కరెంట్‌తోనే పనిచేశారు. ఇది వేరే రకమని ఆయనకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లే లేరు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

కాబట్టి పద్ధతి ఇది. ఇన్వర్టర్ ఆపాక, స్ట్రింగ్‌లు వచ్చి కలిసే కాంబైనర్ బాక్స్‌లోని ఐసోలేటర్ (లైన్ విడగొట్టే స్విచ్) దించి తాళం వేయాలి, ట్యాగ్ కట్టాలి. తర్వాత ప్రతి స్ట్రింగ్‌కూ డీసీ క్లాంప్ మీటర్ పెట్టి ఆంపియర్లు సున్నా అని చూసుకోవాలి. ఏసీ క్లాంప్ డీసీ మీద ఎప్పుడూ సున్నాయే చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. సున్నా వచ్చాకే ఫ్యూజ్ తీయాలి, కనెక్టర్ విప్పాలి. విప్పిన రెండు చివరలూ ఇంకా లైవే, విడివిడిగా క్యాప్ పెట్టాలి. కేబుల్ కోసి జాయింట్ వేసే పనైతే పొద్దుగూకాక పెట్టుకోండి. అలాగని రాత్రి ప్లాంట్ అంతా చల్లారిందనుకోవద్దు. 33 కేవీ యార్డు, ట్రాన్స్‌ఫార్మర్ గ్రిడ్ వైపు నుంచి చార్జ్ అయ్యే ఉంటాయి.

ఒకసారి ఒక తల్లి గేటు దాకా వచ్చి "సార్, మా పోరనికి ఏం గాదు గదా?" అని అడిగింది. ఊరికే ధైర్యం చెప్పి పంపబుద్ధి కాలేదు. లోపలికి పిలిచి తాళం, ట్యాగ్, గ్లవ్స్ చూపించాను. ఇవి లేకుండా పని చేయమంటే చేయనని చెప్పే హక్కు మీ అబ్బాయికి ఉందమ్మా అన్నాను.

అపోహ: ఎండ మండితే కరెంట్ ఎక్కువ.

వాస్తవం: కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ రేటింగ్ దానిలోని సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం పోతుంది. చంద్రపూర్ మే నెలలో సెల్ 65కు చేరితే 14 శాతం పోయినట్టే.

అపోహ: వాన పడితే కడగక్కర్లేదు.

వాస్తవం: మామూలు దుమ్ముకు సరే. మన దగ్గర సిమెంటు దుమ్ము, బొగ్గు దుమ్ము కూడా ఉన్నాయి. సిమెంటు దుమ్ము మంచుకు తడిసి గట్టిపడితే వానకు వదలదు. కడిగేది తెల్లవారుజామునో చీకటి పడ్డాకో, ఉప్పదనం లేని నీళ్లతో. కాలుతున్న గాజు మీద మధ్యాహ్నం చన్నీళ్లు కొట్టొద్దు.

అపోహ: ప్లేట్లు వానను ఆపుతాయి, రేడియేషన్ వదులుతాయి.

వాస్తవం: రెండూ లేవు. వాట్సాప్‌లో ప్రతి జూన్‌లో ఇదే తిరుగుతుంది. పత్తి పెట్టి మొగులు వైపు చూస్తూ కూర్చున్న రైతును ఇంకా భయపెట్టడం తప్ప దీనివల్ల ఒరిగేది లేదు.

చివరగా ఊళ్లవాళ్లకు ఒక మాట. మార్చిలో గడ్డి అంటుకుంటే మీరు బిందెలతో పరుగెత్తుకొస్తారు, మీ మనసు మాకు తెలుసు. దయచేసి ఫెన్సింగ్ దాటి రావద్దు. పగిలిన, కాలిన ప్యానెల్‌లో కూడా వోల్టేజ్ ఉంటుంది. బయట గడ్డి కోసి మంట పొలాలకు పాకకుండా ఆపండి, గేటు దగ్గర వాచ్‌మన్‌కు చెప్పండి. లోపల సంగతి మేం చూసుకుంటాం.