పిల్లిని వదిలేయండి, మైకా ముక్క తీసుకోండి

"సూపర్‌పొజిషన్ అంటే ఫోటాన్ (కాంతి కణం) ఇటో అటో ఉంటుంది, ఎటో మనకు తెలీదు, అంతేగా సార్?" అని కావలి నుంచి ఒక ఎమ్మెస్సీ అబ్బాయి అడిగాడు.

అలా కాదు. ఒకే ఫోటాన్ రెండు స్థితుల కలయికలో ఉండటమే సూపర్‌పొజిషన్. అసలు తిరకాసంతా అక్కడే ఉంది. క్లాసులో మనం ష్రోడింగర్ పిల్లితో (ఒకేసారి బతికీ చచ్చీ ఉన్నట్టు ఊహించే పిల్లి కథ) బెదరగొట్టి, మర్నాడు హామిల్టోనియన్ అనే శక్తి లెక్కలోకి దూకేస్తాం, ఇక పిల్లలకు ఏం అందుతుంది?

గూడూరు, సైదాపురం వైపు దొరికే మైకా (అభ్రకం) పలక తీసుకుని గోటితో పల్చటి పొర లేపండి. పాత ఎల్‌సీడీ మానిటర్లో తెల్ల స్క్రీన్ పెట్టి, ముందు పోలరాయిడ్ కళ్లద్దాన్ని తిప్పుతూ పోతే ఒకచోట నల్లబడిపోతుంది. స్క్రీన్ నుంచి వచ్చేది నిలువు కాంతి, అంటే నిలువుగా ఊగేది అనుకుంటే అద్దం అడ్డంగా ఊగే కాంతినే వదులుతోందన్నమాట. ఇప్పుడు మధ్యలో మైకా పెట్టి కాస్త తిప్పండి. వెలుగొస్తుంది, పొర మందంగా ఉంటే రంగులు కూడా!

మైకా కాంతిని పుట్టించదు. దానికి తనవైన రెండు దిక్కులున్నాయి, ఒక దిక్కు కాంతి రెండోదానికన్నా కొంచెం ఆలస్యంగా బయటికొస్తుంది, అంతే. ఆ దిక్కులు నిలువుకు కుడికీ ఎడమకీ 45 డిగ్రీల వాలులో ఉంటే, వాటిని కుడివాలు, ఎడమవాలు అందాం:

నిలువు = (కుడివాలు + ఎడమవాలు)/√2
అడ్డం = (కుడివాలు − ఎడమవాలు)/√2

ఆ అబ్బాయి అన్నట్టు ప్రతి ఫోటానూ కుడివాలో ఎడమవాలో ఏదో ఒకటే అయితే, మైకా లేకపోయినా సగం ఫోటాన్లు అద్దం దాటాలి. దాటవే! ఇక్కడ కలిసేవి సంభావ్యతలు కావు, యాంప్లిట్యూడ్‌లు (వర్గం చేస్తే సంభావ్యత ఇచ్చే సంఖ్యలు, మైనస్ కూడా కావచ్చు): 1/2 − 1/2 = 0. మైకా రెండింటి మధ్య 'ఫై' అనే ఫేజ్ తేడా (ఊపుల్లో ముందువెనకల తేడా) పెట్టగానే అవి పూర్తిగా కొట్టుకుపోవు, దాటే సంభావ్యత సైన్²(ఫై/2) అవుతుంది. పసుపు కాంతికి సుమారు 0.03 మిల్లీమీటర్ల పొర చాలు, సగం దాటుతుంది. మందం రెట్టింపైతే దాదాపు మొత్తం దాటుతుంది.

కాంతిని మామూలు తరంగంగా చూసే మాక్స్‌వెల్ సిద్ధాంతంతోనూ ఈ లెక్క వస్తుందిగా అంటారేమో. వస్తుంది. కానీ ఒక్కో ఫోటాన్‌నే పంపినా ఇంటర్‌ఫియరెన్స్ (యాంప్లిట్యూడ్‌లు ఇలా కలవడం, కొట్టుకుపోవడం) పోదని 1986లో గ్రాంజియే, రోజే, ఆస్పే ఫ్రాన్సులో ప్రయోగం చేసి చూపించారు. ఇందులో చూసేవాడి మనసుకు ఏ పనీ లేదు, క్వాంటం లాకెట్లు అమ్మేవాళ్లు ఏం చెప్పినా సరే.

మైకాను ఒక పూర్తి చుట్టు తిప్పండి, నాలుగుసార్లు మళ్లీ చీకటి పడుతుంది. అప్పుడు మైకా దిక్కులు నిలువుకీ అడ్డానికీ సరిగ్గా కలుస్తాయి, నిలువు ఫోటాన్ పూర్తిగా ఒకే దిక్కుది అవుతుంది, ఫేజ్ తేడా పెట్టడానికి రెండో భాగమే ఉండదు.