భయం, వార్తలు, విశ్వాసం: ఒక సంఘ కాపరి చెప్పే అపోహలు - వాస్తవాలు

అందరికీ వందనాలు. అల్లర్లు కావచ్చు, యుద్ధం కావచ్చు, మహమ్మారి కావచ్చు, బయట పరిస్థితి చెడిన ప్రతిసారీ క్రైస్తవ సంఘ కాపరిగా, అంటే పాస్టర్‌గా, నాకు వచ్చే ప్రశ్నలు దాదాపు అవే. "భయమేస్తోందండీ, నాలో విశ్వాసం తగ్గిపోయిందా?" అని కొందరు, "టీవీలో చెప్పేదంతా అబద్ధమేనటగా, ఇక ఎవర్ని నమ్మాలి?" అని కొందరు. ఈ రెండు ప్రశ్నలూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. భయపడ్డవాడు ఏది పడితే అది నమ్ముతాడు, నమ్మినకొద్దీ ఇంకా భయపడతాడు. తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: భయం వేసిందంటే విశ్వాసం లేనట్టే.

పుల్పిట్ మీద నుంచి కూడా ఈ మాట వినిపిస్తుంది, అదే బాధ. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే తన ప్రాణం మరణమయ్యేంత దుఃఖంలో ఉందని చెప్పి, శిష్యుల్ని తనతో మెలకువగా ఉండమని అడిగాడు. 56వ కీర్తనలో దావీదు తనకు భయం కలిగిన రోజునే దేవుణ్ణి ఆశ్రయిస్తానన్నాడు. 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర్లో ఓదార్పు మాట ఒక్కటీ అతికించలేదు, అయినా అది బైబిల్లో ఉంది.

ఏలీయా ప్రవక్త సంగతి చూడండి. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత తాలూకు 450 మంది ప్రవక్తల ఎదుట ఒంటరిగా నిలబడ్డ మనిషి, యెజెబెలు రాణి పంపిన ఒక్క బెదిరింపు కబురుతో ఎడారిలోకి పారిపోయి చెట్టు కింద పడి, నా ప్రాణం తీసెయ్యమన్నాడు. దేవుడు అతనికి ప్రసంగం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్ళు ఇప్పించాడు, మళ్ళీ పడుకోనిచ్చి మళ్ళీ తినిపించాడు. మాట్లాడింది తర్వాత. అప్పుడు కూడా ఏలీయా "నేనొక్కడినే మిగిలాను" అంటే, బయలుకి మోకరించనివాళ్ళు ఇంకా 7,000 మంది ఉన్నారని దేవుడు లెక్క సరిచేశాడు. భయం మన చేతిలో ఎప్పుడూ తప్పుడు లెక్కే పెడుతుంది. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్ళని ముందు అడిగేది, నిద్ర పడుతోందా, పడుకునేముందు ఫోన్లో ఏం చూస్తున్నారు అని. ఇదేం ఆధ్యాత్మిక ప్రశ్న అన్నట్టు చూస్తారు కొందరు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, గుండె దడ తగ్గకపోయినా డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళమంటాను, ప్రార్థన మానకుండానే.

అపోహ: బైబిల్లో "భయపడకుము" అని సరిగ్గా 365 సార్లు ఉంది, రోజుకొకటి.

లేదు. కూర్చుని లెక్కపెడితే ఆ సంఖ్య దరిదాపుల్లోకి కూడా రాదు. వినడానికి బాగుంది కాబట్టి ప్రసంగం నుంచి ప్రసంగానికి పాకింది, అంతే. ఒక్కసారి చెప్పినా దేవుడు చెప్పిన మాటే కదా, దానికి మన అంకెల అలంకారం దేనికి?

అపోహ: మీడియా అంతా అబద్ధాలే, దేన్నీ నమ్మకుండా ఉండడమే విశ్వాసికి వివేకం.

దేన్నీ నమ్మని మనిషిని నేనింతవరకు చూడలేదు. పేపర్ని నమ్మడం మానేసినాయన, ఎవరిదో తెలియని గొంతుతో వచ్చిన వాయిస్ మెసేజ్‌ని ఇట్టే నమ్ముతాడు, పైగా పది మందికి పంపుతాడు. మీడియా మీద అనుమానానికి కారణాలు లేవని నేను చెప్పను. యజమాని ఎవరో, ప్రకటనలు ఇచ్చేది ఎవరో చూసుకుని వార్త రాసేవాళ్ళున్నారు, కోపం తెప్పించే హెడ్డింగుకే ఎక్కువమంది వస్తారని తెలిసి అలాంటివే పెట్టేవాళ్ళూ ఉన్నారు. అయినా తప్పు బయటపడినప్పుడు తన పేరు మీదే సవరణ వేసే పత్రికనీ, పేరే చెప్పకుండా వీడియో వదిలేవాణ్ణీ ఒకే గాటన కట్టెయ్యడం బద్ధకం. దానికి వివేకం అని పేరు పెట్టుకుంటున్నాం.

అసలు యేసు చనిపోయి తిరిగి లేచాడన్న పునరుత్థాన వార్తకే మొదటి రోజు నుంచీ పోటీగా ఒక తప్పుడు వార్త బయల్దేరింది. కావలివాళ్ళకు డబ్బిచ్చి, శిష్యులే రాత్రి వచ్చి శవాన్ని ఎత్తుకుపోయారని చెప్పించారని మత్తయి 28లో ఉంది. దానికి సంఘం ఇచ్చిన జవాబు ఎవర్నీ నమ్మొద్దని చెప్పడం కాదు, సాక్షుల్ని చూపించింది. 1 కొరింథీయులు 15లో అపొస్తలుడైన పౌలు, కేఫా (అంటే పేతురు) పేరు, యాకోబు పేరు చెప్పి, లేచిన యేసుని 500 మందికి పైగా ఒకేసారి చూశారనీ వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ రాశాడు, కావాలంటే వెళ్ళి అడగండి అన్నట్టే ఉంటుంది ఆ మాట. లూకా తన సువార్త మొదట్లోనే, అన్నీ మొదటి నుంచి తరచి తెలుసుకుని రాస్తున్నానన్నాడు. ఏ సంగతైనా ఇద్దరు ముగ్గురు సాక్షుల మీద స్థిరపడాలని ద్వితీయోపదేశకాండం 19 చెప్తుంది. మొదట మాట్లాడినవాడిదే న్యాయంలా కనిపిస్తుంది, ఎదుటివాడు వచ్చాకే సంగతి తేలుతుందని సామెతలు 18:17. ఇంతకంటే మంచి పద్ధతి ఏ జర్నలిజం క్లాసులోనూ దొరకదేమో. ఎవరు కళ్ళారా చూశారు, ఎప్పటి ఫోటో, సంబంధం లేని ఇంకొకరెవరైనా ఇదే చెప్తున్నారా, నింద పడ్డవాళ్ళు ఏమంటున్నారు, ఇవి అడిగి జవాబు దొరికేదాకా ఆగితే చాలు. చాలా వార్తలు ఆ ఆగిన కాసేపట్లోనే చచ్చిపోతాయి.

ఇక అన్నిటి వెనకా కుట్ర చూసేవాళ్ళకి యెషయా 8:12 చదివి వినిపిస్తాను. ప్రజలు కుట్ర అన్నదల్లా కుట్ర అనుకోవద్దు, వాళ్ళు భయపడేదానికి మీరు భయపడొద్దు అని దేవుడు ప్రవక్తకి చెప్పాడు. ఆ వాక్యంలోని మాటల్నే పేతురు, నిజంగా శ్రమలు పడుతున్న విశ్వాసులకి రాసిన మొదటి పత్రికలో, అంటే బైబిల్లో ఉన్న ఆయన మొదటి ఉత్తరంలో, మళ్ళీ వాడాడు.

అపోహ: పంపింది విశ్వాసి, చివర్లో వాక్యం కూడా ఉంది, కాబట్టి నిజమే.

థెస్సలొనీక సంఘానికి అచ్చం ఇలాంటి ఇబ్బందే వచ్చింది. ప్రభువు దినం, అంటే ప్రభువు తిరిగి వచ్చే రోజు, వచ్చేసిందని అపొస్తలుల దగ్గర నుంచి వచ్చిందన్నట్టుగా పత్రిక వచ్చినా కలవరపడొద్దని పౌలు రెండో పత్రికలో రాయాల్సి వచ్చింది. అదే పత్రిక చివర, ఇది నా చేతిరాత, ప్రతి పత్రికలోనూ ఇదే గుర్తు అని సంతకం పెట్టాడు. పౌలు పేరు మీదే దొంగ ఉత్తరం తిరిగే అవకాశం ఉన్నప్పుడు, మన గ్రూపులో ఏ పేరు మీదైనా ఏదైనా తిరగొచ్చు. బెరయ అనే ఊరివాళ్ళు సాక్షాత్తు పౌలు చెప్పినా లేఖనాలు తీసి సరిచూసుకున్నారు, వాళ్ళని బైబిల్ ఘనులనే అంటుంది తప్ప అవిశ్వాసులని అనలేదు. కాబట్టి "ఇది ఎక్కడిది బ్రదర్?" అని అడిగితే ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

అపోహ: మనవాళ్ళ శ్రమలు లోకానికి తెలియాలంటే కాస్త పెంచి చెప్పినా తప్పులేదు.

తప్పే. లేని వార్త పుట్టించొద్దని నిర్గమకాండం 23:1లో సూటిగా ఉంది, మన మంచికైతే పర్లేదని కింద మినహాయింపేమీ లేదు. పుకార్ల వల్ల ఎంత నాశనం జరుగుతుందో మనకే బాగా తెలియాలి. క్రీ.శ. 64లో రోమ్ తగలబడినప్పుడు నీరో చక్రవర్తి ఆ నింద క్రైస్తవుల మీదికి నెట్టాడు. రొట్టె, ద్రాక్షరసాన్ని క్రీస్తు శరీరం, రక్తం అని తీసుకునే ప్రభువు బల్ల గురించి విన్న సగం సగం మాటలతో, వీళ్ళు మనుషుల్ని తింటారని రెండో శతాబ్దంలో ప్రచారం నడిచింది. నది పొంగినా, వాన పడకపోయినా, కరువొచ్చినా క్రైస్తవుల్ని సింహానికి వెయ్యండని అరుస్తారని టెర్టూలియన్ అనే క్రైస్తవ రచయిత 197 ప్రాంతంలో వాపోయాడు. అలాంటివి పడినవాళ్ళ వరసలో ఉన్న మనం, ఇంకొక గుంపు గురించి నిర్ధారణ లేని వీడియో ముందుకి పంపడం నాకైతే మింగుడు పడదు. పైగా పెంచి చెప్పిన ఒక్క వార్త అబద్ధమని తేలితే, నిజంగా దెబ్బలు తిన్నవాళ్ళ మాట కూడా ఎవరూ వినరు.

అపోహ: ఇంత అల్లకల్లోలంగా ఉందంటే ఫలానా తేదీకే అంతం.

అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు 1844 అక్టోబర్ 22 అనుకున్నారు. హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు ముందు 1994 అన్నాడు, తర్వాత 2011 మే 21 అన్నాడు, అదీ దాటాక అక్టోబర్ 21 అన్నాడు, చివరికి 2012లో అలా తేదీ చెప్పడం పాపమని ఒప్పుకున్నాడు. యుద్ధ సమాచారాలు వింటారు, కలవరపడొద్దు, అంతం వెంటనే రాదు అన్నది మత్తయి 24లో ప్రభువు మాట. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదన్నదీ అదే అధ్యాయం. దీని మీద ఇంతకంటే చెప్పడానికేం లేదు.

అపోహ: ప్రార్థన ఉంటే చాలు, జాగ్రత్తలు అవిశ్వాసం.

1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌కి ప్లేగు వచ్చినప్పుడు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ ఊరు వదల్లేదు, రోగుల్ని చూసుకున్నాడు. అదే లూథర్, ఇంటికి పొగ వేస్తాను, మందు వాడతాను, నా అవసరం లేని చోటికి వెళ్ళను, నావల్ల ఇంకొకరికి అంటకూడదు కదా అని కూడా రాశాడు. బాధ్యత ఉన్నవాళ్ళు కదలొద్దన్నాడు, లేనివాళ్ళు వెళ్ళిపోతే తప్పు పట్టలేదు.

అపోహ: ఈ గొడవ సర్దుకున్నాక మళ్ళీ మామూలుగా బతుకుదాం, అప్పటిదాకా రోజంతా వార్తలు చూడక తప్పదు.

పూర్వం బబులోనుకి బందీలుగా వెళ్ళి చెరలో ఉన్న యూదులకి కూడా ఇదే ఆశ. హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందన్నాడు, అదీ తప్పుడు వార్తే, కాకపోతే తియ్యగా ఉంది. యిర్మీయా ప్రవక్త మాత్రం 70 ఏళ్ళన్నాడు, ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్ళిళ్ళు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణ క్షేమం కోసమే ప్రార్థించండి అని ఉత్తరం రాశాడు. శత్రువు ఊరి క్షేమం కోసం! కాబట్టి వార్తలకి రోజులో ఒక సమయం పెట్టుకోండి, అది అయ్యాక ఫోన్ పక్కన పెట్టండి. సంఘ కూడిక (ఆరాధనకి కలవడం) మానకండి, అక్కడ మీకు నచ్చని రాజకీయం మాట్లాడేవాళ్ళ పక్కన కూర్చోవాల్సి వచ్చినా సరే. కీర్తనలు ఏరుకోకుండా వరసగా చదవండి, అప్పుడు ఏడుపు కీర్తనలూ కోపం కీర్తనలూ కూడా వాటంతటవే వస్తాయి. రోజుకు 5 చొప్పున దాదాపు నెలకి 150 అయిపోతాయి, 119 చాలా పొడుగు కాబట్టి అది వచ్చిన రోజున మాత్రం మిగతావి మర్నాటికి ఉంచి అదొక్కటే చదువుకోండి.