14 కిలోమీటర్ల చార్జింగ్‌తో 19 కిలోమీటర్లు

మా బావమరిది ఆ మధ్య తన ఎలక్ట్రిక్ కారులో తిరుమల వెళ్లి, కొండ మీద నుంచి ఫోన్ చేశాడు. "బావా, అలిపిరి దగ్గర 78 కిలోమీటర్లు పోతానన్న కారు ఇప్పుడు 14 అంటోంది. ఎక్కింది 18 కిలోమీటర్లే! దిగే దారి వేరు, 19 ఉంది. తోయించుకుంటూ దిగాలా?" టెన్షన్‌తో దర్శనం క్యూలో కూడా బ్యాటరీయే గుర్తొచ్చిందట. ఏసీ ఆపి, బ్రేకు మీద కాలు పెట్టకుండా నిదానంగా దిగమన్నాను. కొండ మీద 15 శాతం ఉన్న చార్జింగ్ కిందికొచ్చేసరికి 18 అయింది. స్వామి మహిమ అన్నాడు.

మహిమ సంగతి స్వామికే వదిలేద్దాం. అసలు ఆ 14 అనే అంకె ఎలా వచ్చింది?

డ్యాష్‌బోర్డు మీటరు వెనక్కి చూసి ముందు సంగతి చెబుతుంది. ఇప్పటిదాకా కిలోమీటరుకు ఎంత కరెంటు తాగానో చూసుకుని, మిగిలినదాన్ని దానితో భాగిస్తుంది, అంతే. విదేశాల్లో ఎలక్ట్రిక్ కార్లు నడిపేవాళ్లు దీన్ని 'గెస్-ఓ-మీటర్', అంటే ఊహల మీటరు అని వెక్కిరిస్తారు. పెళ్లిలో మొదటి బంతికి కోతల నుంచి వచ్చిన కుర్రాళ్లు కూర్చున్నారనుకోండి. వాళ్లు తిన్న తీరు చూసి వడ్డించేవాడు హడలిపోయి "ఈ లెక్కన అన్నం ఇంకో పాతికమందికే" అని వంట మేస్త్రీ దగ్గరికి పరిగెడతాడు. మేస్త్రీ కదలడు. రెండో బంతిలో ఎవరు కూర్చుంటారో ఆయనకు తెలుసు: పేరంటాళ్లు, చంటిపిల్లలు, పైగా కావిళ్లతో సారె పట్టుకొచ్చే వియ్యాలవారు. వడ్డించేవాడు మీటరు, మేస్త్రీ ట్రిప్ ప్లానర్, అంటే వెళ్లబోయే దారిని ముందే లెక్కేసే ప్రోగ్రాము.

కారుకు సారె అంటే ఎక్కేటప్పుడు ఎత్తు రూపంలో దాచుకున్న శక్తి. అది ఎంతో చూద్దాం. మనుషులతో కలిపి కారు బరువు 1,800 కిలోలు, ఎక్కిన ఎత్తు సుమారు 700 మీటర్లు. ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు గుణిస్తే 1 కోటి 23 లక్షల జౌళ్లు, అంటే 3.4 యూనిట్లు. మన కరెంటు బిల్లులో వచ్చే యూనిట్లే. (ఈ సూత్రాన్ని బళ్లో ఎప్పుడూ టేబుల్ మీది పుస్తకానికే వాడిస్తారు. ఘాట్ రోడ్డుకు ఒక్కసారి వాడి ఉంటే ఎవడూ మర్చిపోడు.) 30 యూనిట్ల బ్యాటరీలో ఎక్కేటప్పుడు మొత్తం 5.6 దాకా ఖర్చయింది. అందులో ఈ 3.4 ఎక్కడికీ పోలేదు, ఎత్తు రూపంలో దాచి ఉంది. దిగేటప్పుడు చక్రాలే మోటారును తిప్పి, దాన్ని జనరేటర్‌గా మార్చి, అందులో కొంత తిరిగిస్తాయి. ఆ పనిలోనే కారు వేగమూ తగ్గుతుంది.

ప్లానర్ ఈ లెక్కను దారిలో ప్రతి ముక్కకూ వేస్తుంది: వాలు, వేగం, ఎదురుగాలి, ఉష్ణోగ్రత. వేగం ముఖ్యం. 80 నుంచి 100కి పెంచితే గాలిని చీల్చడానికి అయ్యే ఖర్చు కిలోమీటరుకు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

తర్వాత దారి వెతకాలి. ఇక్కడే నాకు బాగా నచ్చిన చిక్కు ఉంది. 1956లో డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఆమ్‌స్టర్‌డామ్‌లో కాఫీ తాగుతూ 20 నిమిషాల్లో ఆలోచించిన పద్ధతి ఇప్పటికీ దారి వెతికే ప్రోగ్రాములకు పునాది. కానీ దానికి ఒక షరతుంది: ఏ ముక్కకూ ఖర్చు సున్నా కంటే తగ్గకూడదు. దిగుడు దారిలో ఖర్చు మైనస్! విరుగుడేమిటంటే ఎత్తును బ్యాంకు డిపాజిట్‌గా రాయడం. 5.6లో 3.4 డిపాజిట్ కనుక, ఎక్కేటప్పుడు నిజంగా పోయింది 2.2. దిగేటప్పుడు డిపాజిట్ నుంచి 3.4 తీస్తే చేతికొచ్చింది 0.9 (30 యూనిట్లలో 3 శాతం), పోయింది 2.5. రెండూ ప్లస్సే, డైక్‌స్ట్రా హాయిగా పనిచేస్తాడు. ఎక్కినా దిగినా అసలు నష్టం దాదాపు ఒకటే అని కూడా తేలిపోయింది.

దూర ప్రయాణాల్లో ఎక్కడ ఆగాలి, ఎంత ఎక్కించాలి అన్నది మరో లెక్క. మళ్లీ బంతి దగ్గరికే వెళ్దాం. హాలు ఖాళీగా ఉంటే జనం గబగబా కూర్చుంటారు. చివరి నాలుగు విస్తళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుని కూర్చోడానికే ఆలస్యం. బ్యాటరీలో గ్రాఫైట్ పొరల మధ్యకు చేరే లిథియం అయాన్లదీ అదే పరిస్థితి. తొందరపెట్టి తోస్తే చోటు దొరకనివి గుమ్మం దగ్గరే లోహంగా పేరుకుపోతాయి, బ్యాటరీ పాడవుతుంది. అందుకే 80 శాతం దాటాక చార్జర్ వేగం తగ్గిస్తుంది. ఒకచోట 100 దాకా కూర్చోవడం కంటే రెండుచోట్ల 60 దాకా ఎక్కించుకుని కదలమని ప్లానర్ చెప్పేది ఇందుకే.

ప్లానర్‌కు తెలియనివీ ఉన్నాయి. ఓసారి హైవే మీద నేను నమ్ముకుని వెళ్లిన చార్జర్‌కు గోనెసంచి కప్పి ఉంది, యాప్‌లో మాత్రం ఆకుపచ్చగా వెలుగుతోంది. అప్పటి నుంచి చార్జర్ దగ్గరికి 15 శాతం మిగిలి చేరేలా సెట్ చేసుకుంటాను. కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాం గానీ, అవి ఈ విషయంలో పనికిరావు. రాగి ముక్క, జింకు ముక్క గుచ్చితే ఒక్కో కాయ ఒక వోల్టుకు కాస్త తక్కువగా ఇస్తుందనుకోండి!

మొన్న బావమరిది మళ్లీ బయల్దేరాడు. "ఈసారి కొండ మీదే ఫుల్ చార్జ్ చేసుకుని దిగుతాను బావా, ఏ గొడవా ఉండదు" అన్నాడు. వద్దన్నాను. విస్తళ్లన్నీ నిండాక వియ్యాలవారు సారెతో వస్తే ఎక్కడ కూర్చోబెడతావు? నిండిన బ్యాటరీ కరెంటు తీసుకోదు. ఇక మోటారు కారును నిలవరించడం కుదరదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడి, ఆ 3.4 యూనిట్లూ 19 కిలోమీటర్ల పొడవునా వేడిగా పోతాయి.

"మరి ఎంత పెట్టమంటావు?"

"80 దగ్గర ప్లగ్ పీకెయ్."