పరీక్షే చేయలేదు, రిపోర్టు ఎక్కడిది? కొవిడ్ బీమా వివాదం వెనక కథ

కొవిడ్ విధుల్లో చనిపోయిన వైద్య సిబ్బంది కుటుంబాలకు అప్పట్లో కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమా మళ్లీ చర్చకొచ్చింది. ప్రైవేటు వైద్యులకూ ఈ పథకం వర్తిస్తుందని 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఆ మరణం కొవిడ్ విధుల్లోనే జరిగిందని ఆధారాలతో చూపాల్సింది కుటుంబమే. డ్యూటీలో ప్రమాదం జరిగి పోతే ల్యాబ్ రిపోర్టు అక్కర్లేదు. జబ్బుతో పోతే మాత్రం పాజిటివ్ రిపోర్టు జతచేయాలి. క్లెయిములు చిక్కుబడేది అక్కడే.

లాక్‌డౌన్, చప్పట్లు, దీపాలు అందరికీ గుర్తున్నవే. ఈ చిక్కుకు మూలం మాత్రం 2020 మే 15న కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అంతకుముందు చాలాచోట్ల కొవిడ్ డ్యూటీ దిగినవాళ్లను 14 రోజులు క్వారంటైన్‌లో పెట్టేవారు. ఇకపై అందరికీ అది అవసరం లేదన్నారు. పీపీఈ (రక్షణ కిట్టు) లేకుండా పనిచేసినా, వేసుకున్న కిట్టులో తేడా వచ్చినా ‘హై రిస్క్’, వాళ్లకే క్వారంటైన్. మిగతావాళ్లు ‘లో రిస్క్’ కింద, లక్షణాలు కనిపిస్తున్నాయేమో తామే చూసుకుంటూ డ్యూటీ చేయాలి. మూడు రోజులకు వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పరీక్షల విధానం కూడా సిబ్బందిలో లక్షణాలున్నవారికే పరీక్ష అంది. లక్షణాలు లేకుండా వైరస్ సోకినవాళ్లు రెండింట్లోనూ జారిపోయారు.

108 అంబులెన్సుల్లో ఇదెలా నడిచిందో చూడండి. 2020 మార్చి 24 నాటి పీపీఈ పట్టికలో అంబులెన్స్ నడిపేవారిది లో రిస్క్: మూడు పొరల మాస్కు, గ్లౌజులు చాలు. పేషెంటును ఎమర్జెన్సీలోకి చేర్చడానికి డ్రైవరు సాయపడతారని ఆ వరుసలోనే రాసుంది! మేడ మీది నుంచి మనిషిని దించాలంటే స్ట్రెచర్ ఒక కొస ఈఎంటీ (అత్యవసర వైద్య సాయం చేసే టెక్నీషియన్), రెండో కొస పైలట్, అంటే డ్రైవరు, పట్టాల్సిందే. పూర్తి కిట్టు వేసుకున్న ఈఎంటీకి కూడా విప్పేటప్పుడే ముప్పెక్కువ. గ్లౌజులు, గౌను లోపలి వైపు బయటికి వచ్చేలా చుడుతూ తీయాలి, ఎన్‌95 మాస్కును చివర్లో తాళ్లు పట్టుకుని తీయాలి, మధ్యమధ్యలో చేతులు శుభ్రం చేసుకోవాలి. ఇంకో కాల్ వచ్చిందన్న తొందరలో వేళ్లు మాస్కు ముందుభాగానికి తగులుతాయి. దాన్ని ‘కిట్టులో తేడా’ అని ఎవరు రాస్తారు?

జూన్‌లో వచ్చిన యాంటీజెన్ పరీక్ష కిట్టు ఇంకో మెలిక. ఐసీఎంఆర్ అంచనాలోనే అది పాజిటివ్‌లను పట్టేది 50.6 నుంచి 84 శాతం వరకు. లక్షణాలుండీ నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ తప్పనిసరి. కొన్ని పెద్ద రాష్ట్రాలు ఆ పని చేయడం లేదని సెప్టెంబరు 10న కేంద్రమే లేఖ రాసింది.

కిట్లూ మనుషులూ చాలని రోజుల్లో అందరినీ ఇంట్లో కూర్చోబెడితే వార్డులు నడవవన్నది ప్రభుత్వ వాదన. అదీ నిజమే. కానీ ఐసీఎంఆర్ మూడో సెరో (రక్త నమూనాల) సర్వేలో 7,171 మంది వైద్య సిబ్బందిని పరీక్షిస్తే 25.7 శాతం మందిలో యాంటీబాడీలు, అంటే అప్పటికే వైరస్ సోకిన గుర్తులు, కనిపించాయి. అమెరికాలో 13 ఆసుపత్రుల్లో యాంటీబాడీలున్నట్టు తేలిన 194 మందిలో 133 మందికి అంతకుముందు పాజిటివ్ రిపోర్టే లేదు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ ఆసుపత్రుల్లో ఐసీయూ సిబ్బందిలో 14.8 శాతం మందికి యాంటీబాడీలుంటే, శుభ్రం చేసేవారిలో 34.5 శాతం మందికి ఉన్నాయి.

సాధారణ కొవిడ్ మరణాలకు ఇచ్చే 50 వేల పరిహారం విషయంలో కేంద్రం పట్టు సడలించింది. 2021 సెప్టెంబరు మార్గదర్శకాల ప్రకారం, ఆసుపత్రిలో పరీక్షలు చేసి వైద్యుడు కొవిడ్ అని నిర్ధారించినా చాలు. 50 లక్షల బీమా పత్రంలో మాత్రం ల్యాబ్ రిపోర్టే అడిగారు.