కొత్త కాంపౌండ్ విల్లు కొనాలా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కాంపౌండ్ విల్లులకు (చివర్లలో కప్పీల్లాంటి చక్రాలుండే విల్లులకు) నారులు మార్చడం, ఆ చక్రాలను, అంటే క్యామ్‌లను సరిచూడడం, నేర్చుకునేవారికి కొలతలు తీయడం నా పని. అమెరికా కంపెనీలు ఏటా కొత్త మోడళ్లు విడుదల చేయగానే, ఉన్న విల్లును పక్కన పెట్టి కొత్తది కొనవచ్చా అని అడిగేవారు పెరుగుతారు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీకి చోటు దక్కాక ఈ ఉత్సాహం మరింత ఎక్కువైంది. వీరిలో చాలామంది చూపించేది వేట విల్లు, ఎందుకంటే వీడియోల్లో కనిపించేదీ, డల్లాస్‌లో ఉన్న బావగారు సెలవులకు వస్తూ తేగలిగేదీ అదే. అడిగినవారిలో ఎక్కువమందికి కావలసింది కొత్త విల్లు కాదని, సరైన కొలత, కొత్త నారి అని నా అనుభవం చెబుతోంది.

అపోహ: కంపెనీ ప్రకటించిన వేగం నా చేతిలోనూ వస్తుంది.

వాస్తవం: ఆ వేగాన్ని 70 పౌండ్ల లాగే బరువుతో (నారిని లాగడానికి కావలసిన బలం), 30 అంగుళాల డ్రా లెంగ్త్‌తో (నారిని వెనక్కి లాగే దూరం), 350 గ్రెయిన్ల (సుమారు 23 గ్రాముల) తేలికపాటి బాణంతో కొలుస్తారు. తార్నాక నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సెకనుకు 340 అడుగుల విల్లు కావాలన్నాడు. గోడకు ఆనించి రెండు చేతులూ చాపమని కొలిస్తే 67 అంగుళాలు వచ్చింది. దాన్ని 2.5తో భాగిస్తే అతని డ్రా లెంగ్త్ 27 అంగుళాలకు కాస్త తక్కువగా తేలింది. హాయిగా లాగగలిగిన బరువు 50 పౌండ్లు. డ్రా లెంగ్త్ అంగుళం తగ్గితే సుమారు 10 అడుగులు, బరువు పౌండు తగ్గితే సుమారు 2 అడుగులు పోతాయన్నది మా వృత్తిలో వాడే మోటు లెక్క. ఆ లెక్కన అదే బాణానికి కూడా అతనికి దక్కేది 270, పీప్ (గురి చూసే చిన్న రంధ్రం), డి-లూప్ (నారిని పట్టి లాగే చిన్న దారపు ఉచ్చు) వంటివి నారి మీదకు చేరాక ఇంకాస్త తక్కువ. పాత వింటితో అతనికి వస్తున్న వేగం దీనికి పెద్ద దూరంలో లేదు.

వేట చట్టబద్ధమైన దేశాల్లో సైతం ఈ వేగం మోజు కొంత అతిగానే కనిపిస్తుంది. 30 గజాల దూరాన్ని 320 అడుగుల వేగంతో వెళ్లే బాణం దాదాపు 0.281 సెకన్లలో, 340తో వెళ్లేది 0.265 సెకన్లలో దాటుతుంది. నారి చప్పుడు మాత్రం 0.08 సెకన్లలోనే జింక చెవిని చేరుతుంది. అందుకే అనుభవమున్న వేటగాళ్లు 20 అడుగుల అదనపు వేగం కన్నా చప్పుడు చేయని వింటినీ బరువైన బాణాన్నీ కోరుకుంటారు.

అపోహ: వేట విల్లు కొంటే అటు వేటకూ ఇటు పోటీలకూ పనికొస్తుంది.

వాస్తవం: వేట సంగతి ముందు చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తన పట్టికల్లోని అడవి జంతువుల వేటను మన దేశంలో నిషేధించింది. చంపడానికి చేసే ప్రయత్నం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. ఇక పోటీలకు వస్తే, ప్రపంచ విలువిద్య సమాఖ్య నిబంధనల ప్రకారం కాంపౌండ్ వింటి లాగే బరువు 60 పౌండ్లు దాటకూడదు. బావగారు తెచ్చేది తరచుగా 70 పౌండ్ల మోడల్, బరువు సవరించే బోల్టులను అనుమతించిన చివరి మేర దాకా వదులు చేస్తే గాని అది 60కి దిగదు. బేగంబజార్‌లో దొరికే వేలాడదీసే డిజిటల్ త్రాసుకు నారిని తగిలించి లాగితే అసలు బరువెంతో ఇంట్లోనే తెలుస్తుంది. పైగా చెట్ల మధ్య, మంచె మీద తగలకుండా తిప్పడానికి వీలుగా వేట విల్లును రెండు క్యామ్‌ల ఇరుసుల మధ్య 28 నుంచి 33 అంగుళాల పొడవుతో పొట్టిగా, తేలిగ్గా చేస్తారు. అదే తేలికదనం 50 మీటర్ల దూరంలో 8 సెంటీమీటర్ల పది పాయింట్ల వలయం మీద గురి నిలపడానికి అడ్డొస్తుంది. మైదానంలో నిలబడి కొట్టేవారికి 36 అంగుళాలు, అంతకు మించిన విల్లే నిలకడగా ఉంటుంది.

అపోహ: లెట్ ఆఫ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

వాస్తవం: నారిని పూర్తిగా లాగాక చేతి మీద ఎంత శాతం బరువు తగ్గుతుందో అదే లెట్ ఆఫ్. 60 పౌండ్ల వింటికి 80 శాతం లెట్ ఆఫ్ ఉంటే పూర్తిగా లాగాక చేతిలో నిలిచేది 12 పౌండ్లు, 90 శాతమైతే 6 పౌండ్లే. జింక ఎప్పుడు పక్కకు తిరుగుతుందా అని ఎక్కుపెట్టి ఎదురుచూసేవారికి అది వరమే. పోటీలో మాత్రం అంత తక్కువ బరువుకు వీపు కండరాలు సడలుతాయి, చెంప కాస్త ఒత్తుకున్నా నారి పక్కకు జరుగుతుంది.

అపోహ: గురి తప్పడం మొదలైతే విల్లు పాతబడినట్టే.

వాస్తవం: ఈ అపోహలో నేనూ పడ్డాను. ఒక మే నెలలో నా విల్లును ఎండలో నిలిపిన కారు డిక్కీలో రెండు రోజులు వదిలేశాను. మూడో రోజు లాగితే పీప్ పక్కకు తిరిగి కంటికి సన్నని గీతలా కనిపించింది, బాణాలన్నీ గురికి కిందుగా పడ్డాయి. వింటి పని అయిపోయిందనుకుని రాత్రంతా కొత్తవాటి ధరలు చూశాను. మర్నాడు బల్ల మీద పెట్టి చూస్తే నారి, క్యామ్‌లను కలిపే కేబుళ్లు వేడికి సాగాయి, పై క్యామ్ కిందిదానికంటే ఆలస్యంగా ఆగుతోంది. విల్లును వంచి పట్టే ప్రెస్‌లో బిగించి కేబుల్‌కు నాలుగు మెలికలు వేసి, పీప్‌ను సరిచేసేసరికి అరగంట పట్టింది. నారి మీద నూగు లేచినా, చుట్టిన దారం విడిపోతున్నా, వాడకాన్ని బట్టి రెండు మూడేళ్లు గడిచినా ముందు నారిని, కేబుళ్లను మార్చి చూడాలి.

అపోహ: వింటి ధర ఉంటే చాలు.

వాస్తవం: పేరున్న కంపెనీల పైస్థాయి వేట విల్లులు 1,200 డాలర్లు దాటుతాయి, ఆ ధరకు వచ్చేది ఒట్టి విల్లే. గురి చూసే సైట్, బాణం ఆనే రెస్ట్, విల్లును నిలకడగా ఉంచే స్టెబిలైజర్ వేరు. క్యామ్ దూకుడు (బాణాన్ని నెట్టే జోరు) పెరిగితే పాత బాణాల గట్టిదనం చాలక డజను బాణాలు కూడా మార్చవలసి వస్తుంది.

అపోహ: ఛాంపియన్ వాడే మోడల్ కొంటే ఆట మెరుగవుతుంది.

వాస్తవం: విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచాక ఆమె వింటి పేరు అడిగిన తల్లిదండ్రులు నాకు గుర్తున్నారు. ఆమె చేయి కొలత మీ అమ్మాయికి ఉండదు కదా అన్నాను, వారు నొచ్చుకున్నారు.

అపోహ: విల్లును ఎన్నటికీ మార్చనక్కరలేదు.

వాస్తవం: ఆడలేక మద్దెల ఓడు అంటాం గానీ, మద్దెల నిజంగానే ఓడైన సందర్భాలూ ఉంటాయి. లింబ్ (వింటిలో వంగే పట్టీ) అంచుల వెంట దూది ఉండను రాస్తే పోగులు చిక్కుకున్నచోట పగులు ఉన్నట్టు. ఆ వింటిని ఇక లాగకూడదు. లింబ్ దొరకని పాత మోడల్ అయితే దాని కథ అక్కడితో సరి. భుజం నొప్పి వల్ల బరువు తగ్గించాల్సి వచ్చి, బోల్టులు అంత కిందికి దిగకపోయినా మార్చక తప్పదు. కొలత దాటిపోవడం మరో కారణం. రెండేళ్లలో ఒక్కసారిగా పొడుగైన పదిహేడేళ్ల అబ్బాయికి 28.5 అంగుళాలు కావలసి ఉండగా అతని క్యామ్ 27 దగ్గరే ఆగిపోయేది, నారిని ముక్కుకు తాకించడానికి మెడ ముందుకు వంచేవాడు. అతనికి రెండో మాట లేకుండా కొత్తది కొనమన్నాను. పాతదాన్ని 25 అంగుళాలకు తగ్గించి, లింబ్ బోల్టులు రెండూ సమానంగా వదులు చేసి, కొత్త నారి వేసి అతని చెల్లెలికి ఇచ్చాను.