బాంబు పేలితే కేసు ఎవరిది? బెంగళూరు తెలుగువారి కోసం అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎన్‌ఐఏ (ఉగ్రవాద కేసులు చూసే కేంద్ర జాతీయ దర్యాప్తు సంస్థ) దిగేదాకా స్థానిక పోలీసులు చేతులు కట్టుకుని ఉండాలి.

వాస్తవం: అలా ఉంటే కేసు అక్కడే పోతుంది. ఎన్‌ఐఏ చట్టం 6వ సెక్షన్ ప్రకారం స్టేషన్ అధికారి ఎఫ్‌ఐఆర్ కట్టి రాష్ట్ర ప్రభుత్వానికి నివేదిక పంపాలి. రాష్ట్రం దాన్ని కేంద్రానికి పంపుతుంది. కేసు ఎన్‌ఐఏకు ఇవ్వాలా వద్దా అన్నది అది అందిన 15 రోజుల్లో కేంద్రం నిర్ణయించాలి. కావాలనుకుంటే తనంతట తానే ఎన్‌ఐఏకు అప్పగించవచ్చు కూడా. ఎన్‌ఐఏ దర్యాప్తు చేపట్టేదాకా కొనసాగించే బాధ్యత స్టేషన్ అధికారిదే. బ్రూక్‌ఫీల్డ్‌లోని రామేశ్వరం కెఫేలో 2024 మార్చి 1న పేలుడు జరిగితే, కేసు 3న ఎన్‌ఐఏకు వెళ్లింది. ఈ మధ్య రోజుల్లో సేకరించేవే అసలు సాక్ష్యాలు: గుంటలోని మట్టి, కాలిన ముక్కలు, సీసీ కెమెరా దృశ్యాలు.

దుకాణదారులకు ఒక మాట. డీవీఆర్ (సీసీ కెమెరా రికార్డరు) నిండగానే పాత దృశ్యాల మీదే కొత్తవి రాసుకుంటుంది. కాబట్టి ఆలస్యం చేయకుండా పోలీసులకు చెప్పండి. స్క్రీన్‌ను ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపిన క్లిప్పు అసలు రికార్డుకు సాటి రాదు. అసలు హార్డ్ డిస్కునే మహజరు (సాక్షుల ముందు రాసే స్వాధీన పత్రం) రాయించి అప్పగించండి. డీవీఆర్ గడియారం ఎన్ని నిమిషాలు ముందుందో, వెనకుందో అందులో తప్పక రాయించండి. ఆ తేడా రాయకపోతే నిందితుడి ఫోన్ టవర్ సమయంతో దృశ్యం కలవదు, డిఫెన్సు లాయరు మొదట పట్టుకునేది అదే. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్, అందులో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటి అంకె) కూడా ఉండాలి.

అపోహ: రెండు స్టేషన్ల హద్దులో పడితే కేసు చిక్కుముడి అవుతుంది.

వాస్తవం: 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో పేలిన రెండు బాంబుల్లో ఒకటి మలక్‌పేట, రెండోది సరూర్‌నగర్ స్టేషన్ పరిధిలోకి వచ్చాయి. విడివిడిగా నమోదైన రెండు కేసులూ ఎన్‌ఐఏకే చేరాయి. 2016 డిసెంబరులో ప్రత్యేక కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. హద్దుల వల్ల ఏ కేసూ ఆగదు.

అపోహ: నిందితుడు విదేశంలో దాక్కుంటే మన కోర్టుకు అధికారం లేదు.

వాస్తవం: పేలింది ఇక్కడైతే అధికారం ఇక్కడి కోర్టుదే, మనిషిని రప్పించడమే మిగిలేది. బహిరంగ స్థలాల్లో బాంబు దాడులపై 1997 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో భారత్ కూడా భాగస్వామి. నిందితుడు దాక్కున్న దేశం కూడా అందులో ఉంటే, దాని ప్రకారం ఆ దేశం అతణ్ని అప్పగించాలి, లేదా తన కోర్టులోనే విచారణకు పంపాలి. ‘ఇది రాజకీయ నేరం’ అని తప్పించుకునే వీల్లేదు.

అపోహ: ఉపా (ఉగ్రవాద నేరాలకు పెట్టే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) పెట్టారంటే 180 రోజులు జైలు ఖాయం, ఇక కేసు గట్టిదే.

వాస్తవం: ఛార్జిషీటు వేయకుండా నిందితుడిని నిర్బంధించే గడువు మొదట 90 రోజులే. పొడిగించాలంటే దర్యాప్తు ఎంతవరకు వచ్చింది, ఇంకా ఎందుకు నిర్బంధించాలి అన్నది పబ్లిక్ ప్రాసిక్యూటరే తన నివేదికలో చెప్పాలి. దర్యాప్తు అధికారి అర్జీకి ప్రాసిక్యూటర్ సంతకం అతికిస్తే సరిపోదు. ప్రత్యేక కోర్టు ఉన్నచోట మేజిస్ట్రేటు పొడిగించలేరని 2020లో సుప్రీంకోర్టు బిక్రమ్‌జిత్ సింగ్ కేసులో తేల్చింది. గడువు దాటాక, ఛార్జిషీటు పడకముందే నిందితుడు అడిగితే బెయిలు అతని హక్కు. ఉపా కింద విచారణకు ప్రభుత్వం ఇచ్చే ప్రాసిక్యూషన్ అనుమతి దగ్గర కూడా ఇంతే జాగ్రత్త కావాలి. సాక్ష్యాల సమీక్షకు 7 పనిదినాలు, ప్రభుత్వ ఉత్తర్వుకు మరో 7. ఈ గడువులు తప్పనిసరని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. పేలుడు పదార్థాల చట్టం కింద విచారణ సాగాలంటే జిల్లా మేజిస్ట్రేటు సమ్మతి వేరుగా కావాలి. గాయపడ్డవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసే తీర్పు ఇలాంటి కాగితం ఒక్కటి లేక దెబ్బతినడం అన్యాయం.

అపోహ: దోషి తేలేదాకా పరిహారం రాదు.

వాస్తవం: నేరస్థుడు ఎవరో తెలియక విచారణే జరగకపోయినా బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 396వ సెక్షన్ కింద న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్లు 2 నెలల్లో విచారణ ముగించాలి. స్టేషన్ అధికారి ధృవపత్రం ఉంటే తక్షణ వైద్యం ఉచితంగా ఇప్పించమనీ అడగవచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్, బిల్లులు దాచుకోండి. ఊరికెళ్లి కర్నూల్లోనో అనంతపురంలోనో చూపించుకున్నా సరే, ‘పేలుడులో తగిలిన గాయం’ అని డాక్టరుకు మొదటే చెప్పి మెడికో లీగల్ కేసుగా (పోలీసు కేసుకు సంబంధించిన గాయంగా) రాయించండి. చెవి గూయ్‌మంటుంటే తేలిగ్గా తీసుకోకుండా వినికిడి పరీక్ష చేయించుకోండి. పేలుడు ఒత్తిడికి కర్ణభేరి చిరగవచ్చు, పైకి గాయమేమీ కనిపించకపోవచ్చు.

వాంగ్మూలం కోసం ఆడవాళ్లను, 60 దాటిన మగవాళ్లను స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. మీరు చెప్పింది కన్నడలో రాసుకుంటే తెలుగులో చదివి వినిపించమని అడగండి. దాని మీద మీ సంతకం అక్కర్లేదు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.