ఎర్ర గుడ్డ కడితే చాలదు

"అన్నా, జర ఎనకకు ఎల్తది, గంతే. ఎర్ర గుడ్డ కట్టుకో, ఎవ్వలాపరు." సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఇల్లు కట్టే ఇనుప సలాకలు బండికి ఎత్తుకునేటప్పుడు, అవి బండి దాటి బయటికొస్తుంటే ఈ మాట వారానికి రెండుసార్లన్నా వింటాను. ట్రాలీ ఆటోతో మొదలుపెట్టి ఇప్పుడు డీసీఎం, అంటే మధ్యరకం లారీ, నడుపుతున్నాను. ఈ ఒక్క మాట మీదే నాకు ఎక్కువ కోపం.

గుడ్డ కట్టినంత మాత్రాన పర్మిషన్ వచ్చినట్టు కాదు. సలాకలు కొంతమేర బండి బయటికి రావచ్చన్న వెసులుబాటును కేంద్రం 2014లోనే ఎత్తేసింది. 2019లో సవరించిన మోటారు వాహన చట్టంలో బాడీ దాటిన లోడ్‌కు 20,000 రూపాయల జరిమానా రాసి ఉంది. జరిమానా సంగతి అటుంచండి. సలాక పొడవు 12 మీటర్లు, టాటా ఏస్ లాంటి చిన్న ట్రాలీ బండి బాడీ ఏడడుగుల చిల్లర. క్యాబిన్ మీదికి ఎంత జరిపినా వెనక బారెడు బారెడు వేలాడుతుంది. రాత్రిపూట 12 ఎంఎం మందం సలాక మొన వెనకొచ్చేవాడికి రూపాయి బిళ్లకన్నా చిన్న చుక్క. చీకట్లో ఎర్ర గుడ్డ నల్లగానే ఉంటుంది. బైకు లైటు రోడ్డు మీద పడుతుంది, సలాక ఛాతీ ఎత్తులో ఉంటుంది.

నేను బండెక్కిన మొదటి ఏడాది బాలానగర్ దగ్గర సడన్‌గా బ్రేక్ వేశాను. వెనక స్కూటర్ మీద తండ్రి, ముందు నిలబడ్డ పిల్లోడు. సలాకలకూ ఆ పిల్లోడి ముఖానికీ మధ్య జానెడు కూడా లేదు. ఆ తండ్రి నన్ను తిట్టలేదు, పిల్లోణ్ని ఎత్తుకుని అక్కడే కూర్చుండిపోయాడు. ఆ రోజు నుంచి అట్లాంటి లోడ్ ఎత్తలేదు.

"ఇంజన్ లాగుతది గదా" అంటారు. లాగుతుంది. ఆగొద్దా? 12 ఎంఎం సలాక ఒక్కోటి పదిన్నర కిలోల పైనే. డెబ్బై వేస్తేనే ఏస్ మోసే 750 కిలోలు నిండుతాయి. పైగా బరువు వెనక ఇరుసు దాటితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. మూడు చక్రాల బండైతే స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రం లేస్తుంది. తాడు గట్టిగా బిగించామంటారు, కట్టలో మధ్య సలాకలు బ్రేక్ పడగానే జారి ముందుకు పొడుచుకొస్తాయి. మెల్లగా పోయినా మలుపులో తోక అవతలి వైపుకి ఊడుస్తుంది.

లోన్ తీసుకుని ఇల్లు కట్టుకునేవాళ్ల తిప్పలు నాకు తెలుసు. గల్లీలోకి లారీ రాదు, మేస్త్రీ పొద్దుటి నుంచి ఫోన్లు. కిరాయి నాలుగు వందలు మిగులుతుందని ఆటో మాట్లాడుతారు. దానికన్నా ఇంజనీర్‌తో కటింగ్ లిస్టు రాయించుకుని షాపులోనే ముక్కలు కోయించండి, ఆటో బాడీలో పట్టేవి అందులోనే వస్తాయి. పొడుగువి లారీలో మెయిన్ రోడ్డు దాకా తెప్పించి, నలుగురు కూలీలను పెట్టి భుజాల మీద గల్లీలోకి మోయించండి. మొన్న బోరబండలో ఒకాయన అట్లాగే చేశాడు. గంటన్నర పట్టింది.